నాలుగు శాతం చంద్రిమ

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు ఎవరెవరంటే, సినిమా నటి చంద్రిమ, ఆమె తల్లి చెంగమ్మ, కొత్త సినిమా దర్శకుడు ఓబులేసు, చంద్రిమకు పద్దెనిమిదేళ్లుగా తెలుగు గొంతు ఇస్తున్న డబ్బింగ్ కళాకారిణి హైమవతి, స్వర వాస్తవికతా మండలి సభ్య కార్యదర్శి గరుడాచలం, ఆయన వెంట వచ్చిన యంత్రం. యంత్రాన్ని మోసుకొచ్చిన డ్రైవరు కారులోకి వెళ్లిపోయాడు గనుక లెక్కలోకి రాడు. యంత్రం మాత్రం సోఫాలో కూర్చుంది. అది గెజిటెడ్ హోదా గల యంత్రమని, స్టూలు మీద పెట్టడం మర్యాద కాదని గరుడాచలం గారు చెప్పడంతో ఓబులేసు లేచి దానికి చోటిచ్చాడు. తర్వాత ఎవరూ కూర్చోమనకపోవడం వల్ల నిలబడే ఉన్నాడు.

వాళ్లంతా వచ్చింది చంద్రిమ గొంతు చంద్రిమదేనా అన్న సంగతి తేల్చడానికి.

ఇలాంటి అనుమానం ప్రభుత్వానికి ఊరికే రాలేదు. ఆ మధ్య ఎవరో కంప్యూటరులో ఒక పెద్ద హీరో గొంతు తయారుచేసి, ఆ గొంతుతో మోకాళ్ల నొప్పుల నూనె అమ్మారు. ఆ హీరోకి మోకాళ్ల నొప్పులు లేవు. అభిమానుల్లో కొందరు బాధపడ్డారు, కొందరు నూనె కొన్నారు. దాంతో గొంతుల రక్షణ కోసం ఒక మండలి వెలిసింది. ఒక ముఖానికి ఒక భాషలో ఒకటే గొంతు ఉండాలని, మిగిలినవన్నీ నకిలీ అని మండలి తీర్మానించింది. ఏ ముఖానికి ఏ గొంతో తెలుసుకోవడానికి పదకొండు మంది గుమాస్తాలను ఒక గదిలో కూర్చోబెట్టి పద్నాలుగు నెలలపాటు సినిమాలు చూపించి పుస్తకం రాయించింది. నిబంధన రాసిన పెద్దలు సినిమాలు చూడరు. సినిమాలు చూసిన గుమాస్తాలను నిబంధన గురించి ఎవరూ అడగలేదు. కాబట్టి హీరోయిన్లలో చాలామందికి వేరే ఆడవాళ్లు తెర వెనక గొంతు ఇస్తారన్న చిన్న విషయం పుస్తకంలోకి ఎక్కలేదు. చంద్రిమ పేరుకు ఎదురుగా హైమవతి గొంతు నమోదైంది.

చంద్రిమకు కావలసింది ఒక్కటే. ఓబులేసు తీసిన సినిమాలో తన గొంతుతో తాను మాట్లాడాలి. అందులో ఆమె కుప్పం సంతలో టమేటా మండీ నడిపే ఎర్రక్క. చంద్రిమ పుట్టింది కుప్పం దగ్గర మిట్టపల్లెలోనే. తల్లి పెట్టిన పేరు మునిలక్ష్మి, ఇంట్లో లచ్చి. ఎర్రక్క మాట్లాడే ప్రతి మాటా లచ్చికి చిన్నప్పటి నుంచి నాలుక మీద ఉన్నదే. షూటింగు అయిపోయింది. రెండు నెలల్లో విడుదల. డబ్బింగ్ గదిలో మైకు ముందు నిలబడి "ఏమప్పా, బుట్ట ఎంతకిస్తావు?" అనగానే గోడకు మండలివాళ్లు బిగించిన ఎర్ర దీపం వెలిగి, మండలి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఎవరో చంద్రిమ ముఖాన్ని దొంగ గొంతుతో వాడుకుంటున్నారట. అందుకే ఈ తనిఖీ.

"అమ్మా, తమరు సహజస్థితియందు, ఎట్టి ఒత్తిడికిని లోనుగాక, ఏదేని ఒక వాక్యము పలుకుడు," అన్నారు గరుడాచలం గారు.

"ఏమి చెప్పల్ల సార్?" అంది చంద్రిమ.

యంత్రం ఆ మాటను పుస్తకంలో నమోదైన గొంతుతో పోల్చి చూసుకుని, "నాలుగు శాతం," అంది.

గరుడాచలం గారి ముఖం గంభీరమైంది. సున్నా వచ్చి ఉంటే ఆయన పని తేలికయ్యేది. పుస్తకం తిరగేసి ఆ నాలుగు శాతం ఎక్కడిదో పట్టుకున్నారు. "పన్నెండు సంవత్సరముల క్రిందటి చిత్రమొకదానియందు నాయికకు క్షయ. ఆ చిత్రమున దగ్గు తమ స్వీయ దగ్గు అని తెలియవచ్చుచున్నది."

"అవునండీ, ఆ వారం మా చెల్లెలి కూతురి పెళ్లని నేను తెనాలి వెళ్లాను. దగ్గు ఒక్కటీ అమ్మాయే దగ్గింది," అంది హైమవతి వంటింట్లోంచి.

యంత్రం కిందా మీదా దీపాలన్నీ వెలిగించుకుని, "తొంభై ఎనిమిది శాతం. చంద్రిమ," అంది.

గరుడాచలం గారు చేతులు జోడించి వంటింటి వైపు తిరిగి లేచి నిలబడ్డారు. మజ్జిగ గ్లాసుతో హైమవతి బయటికి వచ్చింది. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు, కళ్లజోడుకు గొలుసు, మోకాళ్లకు పట్టీలు. తెర మీద ఇరవై రెండేళ్ల పిల్ల వానలో తడుస్తూ ఎవరినైనా పిలిస్తే ఆ పిలుపు ఈమెది.

"నమస్కారము చంద్రిమగారూ. చిన్ననాటినుండి తమ అభిమానిని," అన్నారాయన.

"చిన్నప్పటి నుంచా? అయ్యో రామ. మీకన్నా నేనే నాలుగేళ్లు పెద్దదాన్నేమోనండీ," అంది హైమవతి. "చంద్రిమ అదిగో, ఆ అమ్మాయి."

"ఆమె చంద్రిమగారి ముఖము. దానియందు మండలికి వివాదము లేదు."

చెంగమ్మ ఇంతసేపూ గోడవారన పీట మీద కూర్చుని చూస్తోంది. అరవై నాలుగేళ్ల ఆమెకు సినిమా అంటే ఒకటే ఫిర్యాదు. కూతురు నటించిన యాభై మూడు సినిమాల్లో ఒక్కదాంట్లోనూ కూతురి మాట వినలేదు. లచ్చి యాసలో మాట్లాడితే పక్క నటుల మాట తప్పుతోందని తొలి సినిమాలోనే మాటలకు బదులు అంకెలు చెప్పించారు. హాల్లో జనం ప్రేమలేఖ వింటున్నప్పుడు చెంగమ్మకు మాత్రం తెర మీది పెదవుల్లో ఒకటి, రెండు, మూడు కనబడేవి. ఏడుపు సీను అయితే పదిహేడు దాకా లెక్కపెట్టుకుని బయటికి వచ్చేసేది.

"ఓ సారూ," అంది చెంగమ్మ. "ఈ పాప గొంతు ఈ పాపదే. కన్నదాన్ని చెప్తా ఉండా."

"ఆధారమేమైనను కలదా?"

"నా కడుపే ఆధారం. ఇంగేం గావాల?"

"కడుపు ముఖమునకు ఆధారము, స్వరమునకు కాదు. ప్రసవ సమయమున శిశువు చేసిన ప్రథమ రోదనము యొక్క ధ్వనిముద్రణ ఉన్నయెడల జతపరచుడు."

"ఆ పొద్దు మిట్టపల్లెలో కరెంటే లేదప్పా. ముద్రణ యాడ చేసేది, మంత్రసాని మూతి మీదనా?"

గరుడాచలం గారు 'జతపరచలేదు' అని రాసుకున్నారు. తర్వాత సంచీలోంచి టాబ్లెట్ తీసి ఒక వీడియో పెట్టారు. ఏదో పాటల పండుగ. వేదిక మీద చంద్రిమ పట్టుచీర కట్టుకుని నవ్వుతూ, "అందరికీ... నమస్కారమ్. మీరు... బాగున్నరా? నాకు తెలుగు... కొంచెమ్ కొంచెమ్..." అంటోంది. జనం ఈలలు వేస్తున్నారు. యాంకరమ్మాయి, "ఎంత క్యూట్‌గా మాట్లాడుతున్నారో!" అంటోంది.

"ఇది తమరే కదా?"

"నేనే సార్," అంది చంద్రిమ నేల చూస్తూ. "అట్ల మాట్లాడమని చెప్పినారు."

ఆ మాట నిజం. పందొమ్మిదేళ్లప్పుడు మొదటి నిర్మాత ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. కుప్పం పిల్ల అంటే పోస్టరు ఎవరూ చూడరని, బొంబాయి పిల్ల అయితే చూస్తారని, బొంబాయి పిల్లకు తెలుగు రాకూడదని. అలా ఆమె తెలుగువాళ్లకు బొంబాయి పిల్ల అయింది. తమిళంలో నటిస్తే అక్కడివాళ్లు మలయాళీ అనుకున్నారు. మలయాళంలో కన్నడమ్మాయి అన్నారు. కన్నడంలో మాత్రం తెలుగమ్మాయి అని సరిగ్గానే చెప్పుకున్నారు గాని, ఆమె ఆ సంగతి ఖండించాల్సి వచ్చింది.

"నూట పన్నెండు వేదికల మీద తమకు తెలుగు రాదని తామే వాంగ్మూలము ఇచ్చియున్నారు," అన్నారు గరుడాచలం గారు. "ఇంత స్థిరమైన సాక్షి మా మండలికి ఇంతవరకు తటస్థపడలేదు."

చెంగమ్మ ఆ వీడియో అంతకు ముందు చూడలేదు. "ఎందుకు మే అట్ల కొంచెం కొంచెం అంటివి? వాగితే నోరు మూయించేది నా వల్ల అయ్యేదా చిన్నప్పుడు?" అంది.

ఉత్తర్వు అక్కడికక్కడే తయారైంది. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు చంద్రిమ తన నోటితో బహిరంగ స్థలాల్లో తెలుగు మాట్లాడరాదు. దగ్గవచ్చు. తమిళం మాట్లాడదామంటే అక్కడి పుస్తకంలో ఆమె గొంతు చెన్నైలో ఒక టీచరమ్మది, కన్నడంలో మైసూరావిడది, మలయాళంలో త్రిశ్శూరావిడది.

"అయితే నేను ఏ బాసలో మాట్లాడల్ల సార్?"

గరుడాచలం గారు జాలిగల మనిషే. పుస్తకం మొత్తం వెదికి, "తుళుభాషయందు తమరు ఇంకను నటించియుండలేదు. అచ్చట ఖాళీ కలదు. ఈ దినమే దరఖాస్తు చేసినచో తమ స్వీయ గొంతు తమ పేరిటనే నమోదగును," అన్నారు.

"నాకు తుళు రాదే!"

"అది మా పరిధిలోనిది కాదు."

యంత్రం వెళ్లిపోయాక ఓబులేసు సోఫాలో కూలబడ్డాడు. అతనిది మదనపల్లె. ఆరేళ్లు తిరిగి తిరిగి ఈ సినిమా తీసుకున్నాడు. "హైమక్కా, పోనీ నువ్వే ఎర్రక్కకు చెప్పి చూడు. ఒక్క మాట," అన్నాడు.

హైమవతి గొంతు సవరించుకుని, "ఏవఁప్పా, బుట్ట ఎంతకిస్తావు?" అంది. టమేటాలు అమ్మే బుట్ట కాస్తా పూజకు పూలు కోసుకునే బుట్ట అయిపోయింది.

"వద్దులే అక్కా," అన్నాడు ఓబులేసు.

"వద్దనే నేనూ అంటున్నాను నాయనా," అంది హైమవతి.

అప్పీలుకు వారంలోనే పిలుపు వచ్చింది. అప్పీలు వినేది కూడా గరుడాచలం గారే, కాకపోతే వేరే కుర్చీలో కూర్చుని వింటారు. ఆ కుర్చీ ఎత్తుగా ఉంది. అప్పీలు మౌఖికంగా చేసుకోవాలని, నమోదైన గొంతుతోనే చేసుకోవాలని నిబంధన. కాబట్టి చంద్రిమ ముందు నిలబడింది, హైమవతి ఆమె వెనక నిలబడింది. పద్దెనిమిదేళ్లలో ఇద్దరూ ఒకే చోట నిలబడి ఈ పని చేయడం అదే మొదటిసారి. అలవాటు కొద్దీ చంద్రిమ పెదవులతో అంకెలు చెబుతూ ఉంటే, హైమవతి వెనకనుంచి మాట్లాడింది.

"అయ్యా, ఈ గొంతు చంద్రిమది కాదండీ. నాది. నా పేరు హైమవతి. మాది తెనాలి. ఇంటి ముందు మునగచెట్టు కూడా ఉంటుంది, కావాలంటే ఎవరినైనా అడగండి."

"తొంభై ఎనిమిది," అంది యంత్రం.

గరుడాచలం గారు గుమాస్తాకు చెప్పి రాయించారు. "దరఖాస్తుదారు శ్రీమతి చంద్రిమ స్వయముగా హాజరై, తన పేరు హైమవతి అనియు, తన స్వస్థలము తెనాలి అనియు పేర్కొనిరి. అధిక పని ఒత్తిడి కానవచ్చుచున్నది. విశ్రాంతి సూచించడమైనది. అప్పీలు కొట్టివేయడమైనది."

హైమవతికి ఒళ్లు మండింది. "అంటే ఏంటండీ, నేను ఇంటికెళ్లి మా ఆయన్ని అన్నానికి రమ్మని పిలిస్తే అది కూడా చంద్రిమ పిలిచినట్టేనా?"

"సాంకేతికముగా అవును."

"ఆ ముసలాయన మురిసిపోతాడు లెండి. మరి నేను ఎవరి గొంతుతో పిలవాలి?"

"తమ పేరిట, అనగా ఆ హైమవతి అను వ్యక్తి పేరిట, మా పుస్తకమున ఏ గొంతును లేదు. ఆమె ఏ చిత్రమునందును కనబడలేదు గదా."

చంద్రిమ పెదవుల మీద అంకెలు ఆగిపోయాయి. చేతులు జోడించి గరుడాచలం గారి వైపు అలాగే చూస్తూ నిలబడింది. మాట్లాడితే నేరం. ఒకసారి దగ్గింది.

ఆ దగ్గు ఆయన మనసును తాకిందో ఏమో, ఎత్తు కుర్చీ దిగి మామూలు కుర్చీలోకి వచ్చి ఉపాయం చెప్పారు. చంద్రిమ నమోదైన గొంతుకు తన నోటితో డెబ్బై అయిదు శాతం చేరుకోగలిగితే, ఆ గొంతు ఆమెదేనని ఏకస్వర ధ్రువపత్రం ఇస్తారు. ఒకసారి గొంతు తనదే అని రుజువైతే, దాన్ని తన ఇష్టం వచ్చినట్టు మార్చుకునే హక్కు కూడా వస్తుంది. అప్పుడు ఎర్రక్కకు కావలసిన గొంతు వాడుకోవచ్చు.

"అంటే, నా గొంతుతో మాట్లాడల్లంటే ముందు ఈ అక్క గొంతు నేర్చుకోవల్లనా?" అని చంద్రిమ కాగితం మీద రాసి చూపించింది.

"సారాంశము గ్రహించితిరి," అన్నారాయన మెచ్చుకోలుగా.

మూడు వారాల శిక్షణ మొదలైంది. మండలి ఆఫీసులో వెనక గది, మధ్యలో యంత్రం, అటు హైమవతి, ఇటు చంద్రిమ. శిక్షణ గదిలో సొంత నోటితో తప్పులు మాట్లాడవచ్చని ప్రత్యేక సడలింపు.

"అమ్మాయ్, నువ్వు మాట కన్నా ముందు కోపం తెచ్చేస్తున్నావు. చంద్రిమ అలా చెయ్యదు," అంది హైమవతి.

"చంద్రిమ నేనే గదక్కా."

"నువ్వు కాదమ్మా, మన చంద్రిమ. ముందు నవ్వు రావాలి, దాని వెనకాల మాట రావాలి. ఏదీ, 'ఇక్కడే ఉందిగా' అను."

"ఈడే ఉండాది గదా."

"తొమ్మిది," అంది యంత్రం.

"'గా' దగ్గర తల కొంచెం పక్కకి వాల్చు."

"గొంతుకు తల ఎందుకక్కా?"

"వాలిస్తేనే పలచబడుద్ది. ఇన్నేళ్లూ మైకు ముందు నేను ఎవరూ చూడకపోయినా వాల్చాను. నా మెడ చూడు, ఒకవైపే నొప్పి."

చంద్రిమ తల వాల్చింది. పన్నెండు వచ్చింది.

ఆమెకు పట్టుదల ఎక్కువ. మొదటి వారానికి ఇరవై ఏడు. రెండో వారం మధ్యలో నలభై ఆరు. ఓబులేసు రోజూ సాయంత్రం ఫోను చేసేవాడు. పదో తరగతి ఫలితాలు చూసుకునేవాడిలా, "అక్కా, ఎంత?" అనేవాడు. "యాభై ఎనిమిది." "ఇంకో పదిహేడు అక్కా, అయిపాయ." ఇంట్లో కూడా సాధన చేయమని హైమవతి చెప్పడంతో చంద్రిమ అద్దం ముందు, బాత్రూములో, కూర తరుగుతూ అదే గొంతు పెట్టింది.

ఒక పొద్దున, "అమ్మా, కాఫీ ఇస్తావా ప్లీజ్," అన్నప్పుడు చెంగమ్మ వెళ్లి టీవీ కట్టబోయింది. టీవీ కట్టేసే ఉంది.

"నేనేనమ్మా, పిలిచింది," అంది చంద్రిమ.

"నువ్వా? ఈడ మనిసి ఉండంగా ఆ కీచుమనే మాటేంది మే? కాఫీ గావల్లంటే సక్కంగా అడగలేవా?"

"ఇంకో వారమే కదమ్మా. కాగితం వచ్చేస్తే మళ్లీ మామూలే."

"కాగితం వొచ్చేదాక నేను ఎవురితో మాట్లాడల్ల?" అంది చెంగమ్మ. కాఫీ గ్లాసు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్లింది, అతిథికి పెట్టినట్టు.

మూడో వారంలో ఒకరోజు చంద్రిమ కాలి వేలు గడపకు కొట్టుకుంది. ఇదివరకైతే 'అమ్మో, సస్తినే' అని అరిచేది. ఈసారి నొప్పి పైకి వచ్చేలోగా, "అబ్బా, చూసుకోలేదుగా," అని వచ్చింది. తలా దానంతటదే వాలింది. ఆమెకు చాలా సంతోషం వేసింది. ఆ మధ్యాహ్నం యంత్రం డెబ్బై నాలుగు ఇచ్చింది.

ఆ సాయంత్రం ఓబులేసుకు ఫోనులో శుభవార్త చెప్పింది. అతను ఆనందం పట్టలేక, "అక్కా, ఒక్కసారి ఎర్రక్క మాట చెప్పు. చెవులారా వినల్లని ఉండాది," అన్నాడు.

"ఏమప్పా, బుట్ట ఎంతకిస్తావు?" అంది చంద్రిమ.

అవతల ఓబులేసు ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్న చప్పుడైంది.

"అక్కా, సిగ్నలు సరిగా లేనట్టుండాది. ఇంగోసారి చెప్పు."

ఆమె ఇంకోసారి చెప్పింది. సిగ్నలు అలాగే ఉంది. "సర్లే అక్కా, అలిసిపోయినట్టుండావు. కాగితం రానీ," అని ఫోను పెట్టేశాడు ఓబులేసు. చంద్రిమ ఫోను వంక చూసి, అద్దం దగ్గరకు వెళ్లి, తలుపు దగ్గరికేసుకుని ఆ మాటను పదిసార్లు అని చూసుకుంది. తర్వాత నీళ్లు తాగింది. మళ్లీ పదిసార్లు అంది. అలసటే అయి ఉంటుందనుకుంది.

మర్నాడు డెబ్బై ఆరు వచ్చింది. హైమవతి ఆమెను కావలించుకుని, "నా బంగారమే, నాకన్నా బాగా నా గొంతు నువ్వే మాట్లాడుతున్నావు," అని ఏడ్చేసింది. గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. గరుడాచలం గారు మిఠాయి తెప్పించారు గాని, ఎవరూ నోట్లో పెట్టుకోకముందే చివరి మెట్టు ఇంకొకటి ఉందని చెప్పారు. దాని పేరు గృహ నిర్ధారణ. గొంతు నిజమైనదయితే సొంత ఇంట్లోవాళ్లు గుర్తుపట్టాలి. దరఖాస్తుదారు మూసిన తలుపు బయట నిలబడి నమోదైన గొంతుతో పిలవాలి. లోపలి నుంచి రక్తబంధువు వచ్చి తలుపు తీయాలి. తీస్తే ఉత్తీర్ణత.

చంద్రిమ ఇంటికి వచ్చి తల్లికి విషయం చెప్పింది. "రేపు పదకొండింటికి పిలుస్తానమ్మా. నువ్వు వచ్చి తలుపు తీస్తే చాలు."

"ఎవురు పిలుస్తారు?" అంది చెంగమ్మ, రాగిపిండి జల్లిస్తూ.

"నేనే కదా."

"నువ్వయితే తీస్తాలే."

పదకొండు గంటలకు వరండాలో యంత్రాన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. గరుడాచలం గారు ధ్రువపత్రం ముందే రాయించి, ముద్ర చేతిలో పట్టుకుని నిలబడ్డారు. ఎండ మెట్ల దాకా వచ్చింది. ఓబులేసు గేటు దగ్గరే ఆగిపోయాడు. దగ్గరికి వస్తే గుండె ఆగేలా ఉందన్నాడు. హైమవతి, "మెడ, మెడ," అని సైగ చేసింది.

చంద్రిమ మూసి ఉన్న తలుపు ముందు నిలబడి, "అమ్మా! తలుపు తియ్యవా?" అంది.

"ఎనభై ఒకటి," అంది యంత్రం. అంతకు ముందెన్నడూ అంత రాలేదు.

లోపల జల్లెడ చప్పుడు ఆగింది. అడుగులు వినిపించాయి. గడియ పక్కకు జరిగింది. తలుపు తెరుచుకుంది. చేతులకు రాగిపిండితో చెంగమ్మ గడపలో నిలబడింది.

గరుడాచలం గారు గడియారం చూసుకుని, పత్రం మీద ముద్ర గుద్ది, దాన్ని రెండు చేతులతో చంద్రిమకు అందించారు. "అభినందనలు. గృహ నిర్ధారణ సంపూర్ణమైనది. ఇక మీదట ఈ గొంతు సంపూర్ణముగా తమదే. దీనిని మార్చుకొనుటకు, విడుచుటకు, తమ ఇచ్ఛ వచ్చిన యాసయందు పలుకుటకు తమకు సర్వాధికారములును కలవు."

ఓబులేసు గేటు దగ్గర ఎగిరి గంతేశాడు. చెంగమ్మ అతన్ని చూడలేదు. పత్రాన్ని చూడలేదు. ఎదురుగా నిలబడ్డ మనిషినే చూస్తోంది.

"ఎవురు గావాలమ్మా?" అంది.

చంద్రిమ నవ్వింది. ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. 'నేను మా, లచ్చిని' అనాలనుకుంది. ఆ మూడు మాటలు ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు. అవి గొంతులో ఎక్కడ మొదలవుతాయో వెదికింది.

"అమ్మా, నేనే కదా! లక్ష్మిని," అని వచ్చింది.

ఎవరూ అడగకపోయినా యంత్రం, "ఎనభై ఎనిమిది," అంది.

చంద్రిమ గొంతు సవరించుకుని మళ్లీ ప్రయత్నించింది. ఇంకా తియ్యగా వచ్చింది. మూడోసారి మాట ఏమీ రాలేదు, పెదవులు మాత్రం కదిలాయి. చెంగమ్మ ఆ పెదవుల వంక ఓపిగ్గా చూసింది, తెర మీద చూసినట్టే. ఒక అడుగు ముందుకు వేసి, పిండి అంటని మణికట్టుతో ఆ పిల్ల నుదుటి మీద పడ్డ వెంట్రుకలు వెనక్కి తోసింది.

"మొగం మా లచ్చి మాదిరే ఉండాది," అంది మెల్లగా. "ఆ పాప ఇంట్లో ల్యా. షూటింగుకు పోయిండాది. ఎబ్బుడొస్తాదో తెలీదు. ఎండ ముదురుతా ఉండాది, బద్రంగా పో తల్లీ."

చెంగమ్మ లోపలికి జరిగి తలుపు వేసేసింది.